నడక వచ్చింది, మరి బండి నడపవచ్చా?

పక్షవాతం వచ్చిన వారిని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపే రోజున కుటుంబం వారు చాలా ప్రశ్నలు అడుగుతారు. మాత్రలు ఎన్ని నెలలు వాడాలి, ఉప్పు ఎంత తగ్గించాలి, మాట ఎప్పుడు వస్తుంది, చేతికి ఏ నూనె రాయాలి. బండి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. రెండు మూడు నెలల తరువాత చెకప్‌కు వచ్చినప్పుడు ఆ పెద్దమనిషి గేటు దగ్గర మోటార్ సైకిల్ స్టాండు వేసి, నవ్వుతూ లోపలికి వస్తాడు. "మంచిగైంది సార్, నేనే నడుపుకుంట వచ్చిన" అంటాడు. వెనక కూర్చుని వచ్చిన ఆయన భార్య ఏమీ అనదు. ఆయన ఎక్స్‌రే గదికి వెళ్లాక మెల్లగా చెబుతుంది: "దారిపొంటి నా పానం నా చేతుల్లనే ఉంది సార్."

ఈ సంచికలో పాఠం ఆ ఇద్దరి కోసం.

నడవడానికి కావలసినది వేరు, బండి నడపడానికి కావలసినది వేరు. నడిచేటప్పుడు తప్పటడుగు పడితే గోడ పట్టుకోవచ్చు, ఆగి ఊపిరి పీల్చుకోవచ్చు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు దాటిపోతుంది. అడ్డం వచ్చిన గేదెను చూసి బ్రేకు వేయడానికి మామూలుగా పట్టే సమయం కంటే ఒక్క సెకను ఎక్కువ పట్టిందంటే, ఆ 11 మీటర్లలో ఏది ఉంటే దానికి తగులుతుంది. జబ్బు తరువాత ఈ ఆలస్యం బయటికి కనబడదు. మాట్లాడేటప్పుడు తెలియదు, అన్నం తినేటప్పుడు తెలియదు.

దీనిని పరీక్షించి చెప్పడం ఆక్యుపేషనల్ థెరపీ వారి పనులలో ఒకటి. చాలామంది దీన్ని ఫిజియోథెరపీ అనుకుంటారు. ఫిజియోథెరపీ వారు ముఖ్యంగా కండరాల బలం, కీళ్ల కదలిక, నడక చూస్తారు. ఆక్యుపేషనల్ థెరపీ వారు ఆ బలంతో మీరు రోజూ చేసుకునే పని చేయగలరా అని చూస్తారు. గుండీ పెట్టుకోవడం, బిందె ఎత్తడం, పొయ్యి దగ్గర నిలబడడం, బండి నడపడం అన్నీ ఇందులోకి వస్తాయి. మన దేశంలో ఈ చదువు 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో మొదలైంది. మొదలుపెట్టినది అమెరికాలో పుట్టి మన దేశపు కోడలైన కమలా నింబ్కర్. మిషన్ ఆస్పత్రుల సంగతికి వస్తే వెల్లూరు డాక్టర్ మేరీ వర్గీస్ పేరు చెప్పుకోవాలి. 1954లో జరిగిన రోడ్డు ప్రమాదంలో ఆమె నడుము కింది భాగం చచ్చుబడింది. చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసి, తరువాత వెల్లూరులో పునరావాస విభాగాన్ని నిలబెట్టింది. 1966లో అక్కడ తెరిచిన సంస్థలో వెన్నుపూస దెబ్బతిన్నవారు తిరిగి తమ పని తాము చేసుకోవడం నేర్చుకుంటున్నారు.

బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాలలో జబ్బు తరువాత డ్రైవింగ్ పరీక్షించడానికి ప్రత్యేక శిక్షణ పొందిన థెరపిస్టులు ఉన్నారు. బ్రిటన్‌లో పక్షవాతం వచ్చినవారు కనీసం ఒక నెల కారు ముట్టకూడదని నిబంధన. మన దగ్గర అలా నెలలు లెక్కపెట్టి చెప్పే నిబంధన లేదు. ఉన్నది 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 1989 నాటి కేంద్ర నియమాలు, వాటిలోని రెండు ఫారాలు. ఫారం 1 మీరే నింపి సంతకం చేయాలి. మూర్ఛ గాని, ఏ కారణం చేతనైనా హఠాత్తుగా స్పృహ తప్పడం గాని, తల తిరగడం గాని ఉందా? పట్టపగలు 25 మీటర్ల దూరంలో కారు నంబరు ప్లేటు చదవగలరా? చేయి గాని కాలు గాని పోయిందా, లేక కదలికలో, బలంలో లోపం ఉందా? ఎరుపు, ఆకుపచ్చ రంగులు తెలుస్తాయా? రేచీకటి ఉందా? హారన్ వినబడుతుందా? ఇవీ ప్రశ్నలు. 40 ఏళ్లు దాటినవారికి, ఆటో, లారీ వంటి ట్రాన్స్‌పోర్టు బండ్లు నడిపేవారికి ఫారం 1-ఏ కూడా కావాలి. దాని మీద డాక్టరు సంతకం చేస్తారు.

ఆ డాక్టరు ఫారాన్ని ఒకసారి నిదానంగా చదివి చూడండి. కళ్లు, చెవులు, చేతులు, కాళ్లు, కీళ్లు ప్రత్యేకంగా చూశానని డాక్టరు అందులో ధ్రువీకరిస్తారు. మంచిదే. అయితే మెదడు దెబ్బతిన్నప్పుడు పోయేది చేయి, కాలు మాత్రమే కాదు. ధ్యాస పోవచ్చు. రెండు పనులు ఒకేసారి చేసే శక్తి పోవచ్చు. ఎదుటి బండి ఎంత దూరంలో ఉందో అంచనా వేసే శక్తి పోవచ్చు. వీటికి ఆ ఫారంలో విడిగా గడి లేదు. పైగా మీ జేబులో ఉన్న లైసెన్సు జబ్బుకు ముందటి మనిషికి ఇచ్చినది. దాని గడువు ఇంకా పదేళ్లు ఉన్నంత మాత్రాన ఇవాళ్టి మీ శరీరం సంగతి అది చెప్పలేదు.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసే లోపం ఒకటుంది. మెదడు కుడి వైపు దెబ్బతిని, శరీరం ఎడమ పక్క పడిపోయిన వారిలో కొందరికి (అందరికీ కాదు) ఎడమ వైపు అనేది ఒకటి ఉన్నదన్న ధ్యాసే ఉండదు. కన్ను బాగానే ఉంటుంది. నంబరు ప్లేటు చదువుతారు. ఎడమ పక్కన ఉన్నదాన్ని మాత్రం మనసు లెక్కలోకి తీసుకోదు. దీన్ని డాక్టరు కంటే ముందు ఇంట్లోవారే చూస్తారు, కాకపోతే అర్థం చేసుకోరు. పళ్లెంలో కుడి సగం అన్నం తిని, ఎడమ సగం అలాగే వదిలేసి "ఇంక కూర లేదా" అంటారు. గడ్డం ఒక పక్కనే గీసుకుంటారు. గడప దాటేటప్పుడు ఎడమ భుజం తలుపుకు కొట్టుకుంటుంది. ఎడమ కాలి చెప్పు ఊడిపోయినా నడుచుకుంటూ పోతారు. ఇంట్లోవారు "మతిమరుపు వచ్చింది" అని ఊరుకుంటారు.

ఇప్పుడు మన రోడ్డు తలుచుకోండి. మనం నడిపేది రోడ్డుకు ఎడమ పక్కన. బాన్సువాడ బస్టాండు నుంచి ఏ వైపు బయలుదేరినా బడిపిల్లలు, సైకిళ్లు, మేకలు, ఆగి ఉన్న ఆటోలు అన్నీ మనకు ఎడమ పక్కనే ఉంటాయి. వరి కోతల కాలంలో రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి, రాత్రికి నల్లటి కవరు కప్పుతారు. ఎడమ వైపు ధ్యాస లేనివాడికి పగలే ఆ రాళ్లు లేవు, ఇక రాత్రి సంగతి చెప్పాలా. (వడ్లు రోడ్డు మీద పోయడం మన రైతులకు తప్పనిసరి కావచ్చు గాని, ఆ రాళ్లు మాత్రం తెల్లవారాక తీసేయమని ప్రతి సంఘంలో పెద్దలు చెబితే బాగుంటుంది.)

మరికొందరిలో చూపులోనే ఒక పక్క సగం పోతుంది. కుడి సగం పోయినవారికి ఎదురుగా వచ్చే లారీ, ఓవర్‌టేక్ చేసే బస్సు చాలా దగ్గరికి వచ్చేదాకా కనబడవు. "హఠాత్తుగా వచ్చిండు" అని ఎదుటివాడిని తిడతారు. ఎదుటివాడు హఠాత్తుగా ఏమీ రాలేదు.

పరీక్ష ఎలా జరుగుతుంది? చాలామంది సూదులు, మిషన్లు అనుకుని భయపడతారు. మొదటి భాగం బల్ల దగ్గర కూర్చునే జరుగుతుంది. తల కదపకుండా మీరు థెరపిస్టు ముక్కు వైపు చూస్తుంటే, ఆయన పక్కల నుంచి వేలు కదుపుతూ ఎక్కడ కనబడిందో అడుగుతారు. కాగితం నిండా రకరకాల బొమ్మలు ఉంటాయి, ఒకే రకం బొమ్మను వెతికి గీత కొట్టాలి. అంకెలను, అక్షరాలను ఒకదాని తరువాత ఒకటి మార్చి మార్చి కలపాలి: 1 నుంచి అ, అ నుంచి 2, 2 నుంచి ఆ. చదువు రానివారికి ఈ పరీక్ష ఉండదని అనుకోవద్దు. పెద్ద పళ్లెంలో కందులు, పెసలు కలిపి పోసి కందులు మాత్రం ఏరమంటే చాలు. ఎడమ వైపు కందులు వదిలేశారా, మధ్యలో ఏం ఏరాలో మరిచారా, ఎవరైనా పలకరిస్తే పని ఆగిపోయిందా అన్నీ తెలుస్తాయి. మెడ రెండు పక్కలకు ఎంత తిరుగుతుంది, మడమ ఎంత గట్టిగా నొక్కగలదు, వెంటవెంటనే ఎన్నిసార్లు నొక్కగలదు, పిడికిలి పట్టు ఎంత, పట్టిన పట్టు వెంటనే వదలగలరా అని కూడా చూస్తారు. వదలడం ముఖ్యం. పక్షవాతంలో బిగుసుకున్న చేయి ఉలికిపాటుకు ఇంకా బిగుసుకుంటుంది. ఆ చేతిలో ఉన్నది మోటార్ సైకిల్ రేజు అయితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

రెండవ భాగం బండి మీద. కారు అయితే డ్రైవింగ్ స్కూలు కారు కావాలి. మోటార్ సైకిళ్లు తప్ప, స్కూలు బండ్లకు నేర్పేవాడి వైపు కూడా బ్రేకు ఉండాలని నియమాలే చెబుతున్నాయి గనుక అందులో కొంత భద్రత ఉంది. నేర్పేవాడు పక్కన, థెరపిస్టు వెనక సీటులో కూర్చుంటారు. మొదట ఖాళీ మైదానం, తరువాత ఊరి రోడ్డు, అది బాగుంటే బజారు. అరగంట దాటాక ఎలా ఉన్నారన్నది ప్రత్యేకంగా చూడాలి. జబ్బు తరువాత అలసట చప్పుడు లేకుండా వస్తుంది, మొదటి పది నిమిషాలు ఎవరైనా బాగానే నడుపుతారు. మోటార్ సైకిల్‌కు రెండో బ్రేకు ఉండదు. అందువల్ల బల్ల దగ్గరి పరీక్ష పూర్తిగా బాగున్నవారినే మైదానంలో, హెల్మెట్ పెట్టి, ఇంజను ఆపి తోయడం, స్టాండు వేయడం, తీయడం నుంచి మొదలుపెట్టిస్తారు.

మన దగ్గర ఇలా రెండు భాగాలూ ఒకే చోట చేసే కేంద్రాలు అరుదు. చట్టంలో ఫారం 1-ఏ సంతకం డాక్టరుదే, థెరపిస్టు రాసేది సలహా మాత్రమే. అయినా ఆ సలహా కాగితం డాక్టరు ముందు ఉంటే ఆయన సంతకానికి అర్థం ఉంటుంది. ఏ ఆస్పత్రిలో చికిత్స తీసుకున్నా సరే, "డ్రైవింగ్ సంగతి చూడండి" అని మీరే నోరు తెరిచి అడగండి.

ఇప్పుడు చేతులు, కాళ్ల లెక్క. మన గేరు బండిలో ఎడమ చేతికి క్లచ్, ఎడమ కాలికి గేరు, కుడి చేతికి రేజు, ముందు బ్రేకు, కుడి కాలికి వెనక బ్రేకు. కుడి పక్క బలం పోయినవారికి బండి వేగం పెంచేది, ఆపేది రెండూ ఆ పక్కనే ఉన్నాయి. ఎడమ పక్క పోయినవారు గేరు మార్చలేరు, బండి ఆపినప్పుడు ఎడమ కాలు మోపలేరు. గేరు లేని స్కూటీకి రెండు బ్రేకులూ చేతులకే ఉంటాయి గనుక కాలు బలహీనమైనవారికి అది కొంత నయం, ఆగినప్పుడు మోపడానికి కాలు కావాలన్న మాట మాత్రం మరవకూడదు. పక్క చక్రాలు బిగించిన స్కూటీ ఆ కష్టాన్నీ తీరుస్తుంది. కారులో అయితే గేరు దానంతట అదే మారే రకం ఉంది. ఒంటిచేత్తో తిప్పడానికి స్టీరింగుకు గుబ్బ, రెండు కాళ్లూ లేనివారికి చేత్తోనే బ్రేకు, యాక్సిలరేటర్ నొక్కే లివరు, కుడి కాలు పోయినవారికి ఎడమ కాలి కింద యాక్సిలరేటర్ బిగించవచ్చు.

ఇలాంటి బండిని చట్టం గుర్తించింది. పాత చట్టంలో దానికి పెట్టిన ఇంగ్లీషు పేరు 'ఇన్వాలిడ్ క్యారేజ్', అనగా రోగిష్టివాడి బండి. 2019 సవరణలో ఆ పేరు తీసేసి 'అడాప్టెడ్ వెహికల్' అన్నారు, అనగా మనిషికి తగినట్టు మార్చిన బండి. మాట మారితే ఏమిటి అనుకోవచ్చు గాని, ఆ పాత మాట రాసిన లైసెన్సు జేబులో పెట్టుకు తిరిగినవారిని అడగండి. లోపం ఉన్నదని లైసెన్సు నిరాకరించేటప్పుడు కూడా, తగినట్టు మార్చిన బండి నడపగలడని నమ్మకం కుదిరితే దానికి మాత్రమే లైసెన్సు ఇవ్వవచ్చని 8వ సెక్షన్ చెబుతుంది. మార్పు చేసిన సంగతి ఆర్టీఓ అనుమతితో ఆర్సీలో నమోదు చేయించాలి. వెల్డింగు షాపులో రెండు చక్రాలు అతికించుకుని వచ్చేస్తే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు వారితో తిప్పలు తప్పవు. మన రాష్ట్రంలో వికలాంగుల సహకార సంస్థ ద్వారా ఇలా మార్చిన మోటారు బండ్లు ఇస్తున్నారు. దరఖాస్తు ఎప్పుడు పిలుస్తారో జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసులో కనుక్కోండి.

ఈ మాటలు రాస్తున్నప్పుడు ఇంకొక రకం కుటుంబాలు గుర్తుకొస్తున్నాయి. అక్కడ బండి నడపగలిగినవారిని ఇంట్లోవారే ఆపుతారు. చిన్నప్పుడు పోలియో వచ్చిన అమ్మాయి డిగ్రీ చదివి, పక్క ఊరి బడిలో ఉద్యోగం వస్తే "నీకెందుకమ్మా బండి, నాయిన దించి వస్తడు" అంటారు. నాయినకు కుదరని రోజున ఉద్యోగం పోతుంది. పోలియోలో దెబ్బ తినేది కండరానికి వెళ్లే నరమే. ధ్యాసకు, తెలివికి, చూపుకు, స్పర్శకు ఏమీ కాదు. పక్క చక్రాల స్కూటీకి ఆమె కంటే తగినవారు ఎవరు? చెవిటివారి సంగతీ అంతే. వినబడనంత మాత్రాన లైసెన్సు నిరాకరించకూడదని చెవిటివారి సంఘం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి 2011లో గెలిచింది. రంగులు కొంతవరకు కలగలిసి కనబడేవారికి, లోపం మరీ తీవ్రం కాకపోతే, 2020లో నియమాలు సడలించారు. పరీక్ష అనేది ఆపడానికే అనుకునేవారు ఈ సంగతులు గమనించాలి.

షుగరు ఉన్నవారికి రెండు మాటలు. ఇన్సులిన్ గాని, కొన్ని రకాల షుగరు మాత్రలు గాని వాడేవారికి అన్నం ఆలస్యమైతే చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంది. బండి మీద అది జరిగితే చూసినవారు తాగి ఉన్నాడనుకుంటారు. దూరం పోయే ముందు తినండి, వీలైతే షుగరు చూసుకోండి, జేబులో గ్లూకోజు గాని చక్కెర గాని పెట్టుకోండి, గుండె దడ అనిపించిన వెంటనే పక్కకు ఆపండి. ఇంకొకటి, పాదాల తిమ్మిరి. బ్రేకు మీద కాలు ఉందో లేదో చూస్తే తప్ప తెలియని స్థితి వస్తే కారు, ట్రాక్టరు వదిలిపెట్టి మొదట పరీక్షకు రండి.

స్పర్శ అనగానే మన ప్రాంతం వారికి డిచ్‌పల్లి గుర్తుకు రాక మానదు. 1915 ప్రాంతంలో డాక్టర్ ఇసబెల్ కెర్ అక్కడ కుష్ఠు ఆస్పత్రిని నిలబెట్టింది. కుష్ఠు ఇప్పుడు మందులతో పూర్తిగా నయమవుతుంది. కాని ఆలస్యంగా వచ్చినవారికి జబ్బు పోయినా చేతుల, పాదాల స్పర్శ తిరిగి రాకపోవచ్చు. అలాంటివారు హ్యాండిల్‌ను అవసరమైన దానికంటే చాలా గట్టిగా పట్టుకుంటారు, చర్మం నలిగి పుండు పడుతుంది. సైలెన్సర్ తగిలి కాలు కాలినా ఇంటికి వచ్చాక గాని చూసుకోరు. హ్యాండిల్‌కు మెత్తటి లావుపాటి తొడుగు, సైలెన్సర్‌కు జాలీ, కాలికి మూసి ఉన్న మెత్తటి చెప్పు, ఇంటికి రాగానే చేతులు కాళ్లు తిప్పి చూసుకోవడం, వీటితో చాలామంది నిశ్చింతగా నడుపుతారు.

ఫిట్స్ గురించి కఠినంగానే చెప్పాలి. బ్రిటన్‌లో కారు నడిపేవారికి ఒక ఏడాది ఫిట్స్ రాకుండా ఉంటే సాధారణంగా మళ్లీ అనుమతి ఇస్తారు. మన ఫారంలో అలాంటి లెక్క లేదు, మూర్ఛ ఉందా లేదా అన్న ప్రశ్న ఒక్కటే. అందుకే చాలామంది "లేదు" అని రాసేస్తారు. నియమం మారాలన్నది నా అభిప్రాయం. కాని అది మారేదాకా అబద్ధపు సంతకం మీద బండెక్కడం, వెనక పిల్లలను కూర్చోబెట్టుకోవడం నేను సమర్థించలేను. పక్షవాతం వచ్చినవారిలో కొందరికి తరువాతి కాలంలో ఫిట్స్ వస్తాయి. ఒక్కసారి వచ్చినా దాచకుండా డాక్టరుకు చెప్పండి. శరీరం గాని మనసు గాని తగిన స్థితిలో లేదని తెలిసి బండి నడిపితే 186వ సెక్షన్ కింద మొదటిసారి 1000 రూపాయల దాకా జరిమానా ఉంది. నిజానికి ఆ వెయ్యి రూపాయలు అందులో చిన్న నష్టం.

పరీక్ష ఫలితం "నడపవచ్చు", "నడపకూడదు" అని రెండే మాటలు కాదు. ఎక్కువ మందికి వచ్చే జవాబు మధ్యలో ఉంటుంది: పగలు మాత్రమే, పొలం దాకా మాత్రమే, వెనక మనిషి లేకుండా, గేరు బండి వద్దు స్కూటీ సరే, మూడు నెలల తరువాత మళ్లీ రండి. పక్షవాతంలో ధ్యాస లోపం మొదటి నెలల్లో చాలామందికి తగ్గుతూ వస్తుంది. అందుకే ఒకసారి వద్దన్నామని రెండోసారి రావడం మానకండి.

కొందరికి మాత్రం జవాబు "వద్దు" అనే వస్తుంది. ఆ మాట భార్య నోటి నుంచో కొడుకు నోటి నుంచో రానివ్వకండి, మా మీద పెట్టండి. మన ఊళ్లలో బండి తాళం చెవి ఇంటి పెద్దరికానికి గుర్తు. అది లాక్కుంటే మనిషి కుంగిపోతాడు, దొంగతనంగా నడుపుతాడు. తాళం చెవి దాచే బదులు ఆయన ఎక్కడెక్కడికి పోవాలో కూర్చుని రాయండి. పొలానికి ఎవరు, బ్యాంకుకు ఎవరు, ఆదివారం ఆరాధనకు ఎవరు తీసుకుపోతారు? సదరం సర్టిఫికెట్ ఉంటే ఆర్టీసీలో రాయితీ పాసు దొరుకుతుంది. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేదు గనుక తోడుగా వచ్చే అమ్మకు ఖర్చే లేదు. సంఘంలో బండి ఉన్న యువకులు నలుగురు వారానికి ఒక్కో రోజు పంచుకుంటే ఒక ఇంటి బరువు సగం తగ్గుతుంది.

పరీక్షకు వచ్చేటప్పుడు అద్దాలు, వాడుతున్న మాత్రలన్నీ (నిద్ర మాత్రలు, దగ్గు మందు సీసాలతో సహా), డిశ్చార్జి కాగితాలు, లైసెన్సు, బండి నడిపేటప్పుడు వేసుకునే చెప్పులు తీసుకురండి. ఇంట్లో మీతో కలిసి అన్నం తినే మనిషిని ఒకరిని వెంట తీసుకురండి, ఎందుకంటే పళ్లెంలో ఏ పక్క అన్నం మిగులుతుందో మాకు చెప్పగలిగేది వారే. ఆ రోజుకు మాత్రం బస్సులో రండి.